అంగస్తంభన లోపం – అమెరికా మాజీ సైనికుల వైకల్య పరిహార అప్పీళ్లు: కార్యకారణ సంబంధ నిరూపణ

వ్యాససంగ్రహం:

అమెరికాలో సైనిక సేవ వల్ల ఆరోగ్యం దెబ్బతిన్నవారికి ఆ దేశపు మాజీ సైనికుల వ్యవహారాల శాఖ నెలనెలా వైకల్య పరిహారం చెల్లిస్తుంది. ఆ పరిహారం కోరే రుగ్మతలలో అంగస్తంభన లోపం ఒకటి. ప్రస్తుత నిబంధనల ప్రకారం ఈ రుగ్మతకు నిర్ణయించిన వైకల్య శాతం సున్నా. అయినప్పటికీ దీని గుర్తింపు కోసం మాజీ సైనికులు అప్పీళ్లు దాఖలు చేస్తూనే ఉన్నారు. ఈ స్థితికి కారణమేమిటో, సున్నా శాతం వెనుక ఉన్న చట్టపరమైన ఆలోచన ఏమిటో, అప్పీలులో నిజంగా తేలవలసిన అంశం ఏదో వివరించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: మాజీ సైనికులు, వైకల్య పరిహారం, అంగస్తంభన లోపం, సేవాసంబంధం, కార్యకారణ సంబంధం, సంశయలాభం, అప్పీలు.

1. ప్రవేశిక:

యుద్ధంలో చేయి కోల్పోయిన సైనికుడి నష్టం కంటికి కనిపిస్తుంది. దానిని కొలవడం సులభం, ఒప్పుకోవడం సులభం. కొన్ని నష్టాలు మాత్రం పడకగది దాటి బయటకు రావు. బాధితుడు వైద్యుడికి చెప్పడు, తోటి సైనికులకు చెప్పడు, చాలాసార్లు భార్యతో కూడా మనసు విప్పి మాట్లాడడు. అంగస్తంభన లోపం ఇటువంటి నష్టం. పరిహార వ్యవస్థ మాత్రం కాగితంపై నమోదైన ఆధారాల మీద నడుస్తుంది. నమోదు చేయడానికి మనుషులు సిగ్గుపడే రుగ్మతకూ, నమోదు లేనిదే నమ్మడానికి వెనుకాడే వ్యవస్థకూ మధ్య ఏర్పడే ఘర్షణే ఈ అప్పీళ్లకు మూలం.

స్తంభన జరగాలంటే రక్తనాళాలు, నరాలు, హార్మోన్లు, మనస్సు నాలుగూ కలిసి పనిచేయాలి. మధుమేహం రక్తనాళాలనూ నరాలనూ దెబ్బతీస్తుంది. ప్రొస్టేట్ గ్రంథిని తొలగించే శస్త్రచికిత్సలో దానిని ఆనుకుని ఉన్న నరాలు గాయపడవచ్చు. వెన్నుపాము దెబ్బతింటే మెదడు పంపే సంకేతాలకు దారి తెగుతుంది. యుద్ధభయం మిగిల్చిన మానసిక రుగ్మత కోరికను అణచివేస్తుంది. ఆ రుగ్మతకు ఇచ్చే కొన్ని మందులూ అదే పని చేస్తాయి. కనుక ఈ లోపం చాలాసార్లు వేరొక రుగ్మతకు పర్యవసానంగా వస్తుంది. చట్టపరమైన వాదమంతా ఈ వైద్యసత్యం చుట్టూనే తిరుగుతుంది.

2. వైకల్య శాతం – ఆర్జనశక్తి:

అమెరికా శాసనసంహిత 38వ భాగం మాజీ సైనికుల ప్రయోజనాలకు సంబంధించినది. అందులోని 1155వ సెక్షన్ ప్రకారం వైకల్య శాతాలు సగటు ఆర్జనశక్తికి కలిగే నష్టం ఆధారంగా నిర్ణయించాలి. అంటే ఒక రుగ్మత వల్ల మనిషి సంపాదించే శక్తి ఎంత తగ్గుతుందన్నదే కొలమానం. రుగ్మతలన్నింటికీ కోడ్ సంఖ్యలు, సున్నా నుంచి వంద వరకు పది చొప్పున పెరిగే శాతాలు ఉంటాయి.

ఈ కొలమానం ముందు అంగస్తంభన లోపం నిలవదు. ఈ లోపం ఉన్న వ్యక్తి కార్యాలయంలో పని చేయగలడు, లారీ నడపగలడు, పొలం దున్నగలడు. అతడి జీతం తగ్గదు. అయితే నష్టం లేదని దీని అర్థం కాదు. దాంపత్యం, సంతానం, ఆత్మగౌరవం ఆర్జనశక్తి లెక్కలోకి రావు. ఈ లోటును పూరించడానికే చట్టం మరొక మార్గం ఏర్పరచింది. 1114వ సెక్షన్‌లోని ‘కె’ ఉపవిభాగం కొన్ని ప్రత్యేక నష్టాలకు శాతంతో నిమిత్తం లేకుండా స్థిరమైన నెలవారీ మొత్తం మంజూరు చేస్తుంది. ప్రజననాంగాన్ని గానీ దాని ఉపయోగాన్ని గానీ కోల్పోవడం ఆ నష్టాలలో ఒకటి. ఒక చేతి లేదా ఒక పాదపు ఉపయోగం కోల్పోవడం, ఒక కంటి చూపు పోవడం కూడా ఇదే ఉపవిభాగంలో ఉన్నాయి. దీనిని ప్రత్యేక నెలవారీ పరిహారం అంటారు.

2024 డిసెంబరు 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం ఈ మొత్తం నెలకు 136.06 డాలర్లుగా ఉండేది. ఏడాదికి 1,632.72 డాలర్లు. దీనిపై ఆదాయపు పన్ను లేదు. ఇతర రుగ్మతలకు వచ్చే పరిహారానికి ఇది అదనంగా కలుస్తుంది. అదే రేట్ల పట్టికలో పది శాతం వైకల్యానికి నెలకు 175.51 డాలర్లు ఉండటం గమనించదగినది.

3. ఇరవై శాతం నుంచి సున్నా శాతానికి:

ఈ రుగ్మతకు సంబంధించిన కోడ్ 7522. పాత నిబంధనలో ఈ కోడ్ కింద ఒకే ఒక శాతం ఉండేది. శిశ్నానికి వైకృతం ఉండి, దానితోపాటు స్తంభనశక్తి కూడా లోపిస్తే ఇరవై శాతం ఇచ్చేవారు. రెండు షరతులూ నెరవేరాలి. స్తంభనశక్తి మాత్రమే పోయి బాహ్యంగా ఏ వికృతీ కనబడని వారికి ఇరవై శాతం నిరాకరించేవారు. మధుమేహం వల్ల లోపం వచ్చిన వారిలో అధికులు ఈ రెండవ కోవకు చెందినవారే.

వైకృతం అంటే ఏమిటన్న ప్రశ్న 2018లో మాజీ సైనికుల క్లెయిముల అప్పీలు న్యాయస్థానం ముందుకు వచ్చింది. వైకృతం బాహ్యంగానైనా ఉండవచ్చు, అంతర్గతంగానైనా ఉండవచ్చునని ఆ న్యాయస్థానం నిర్ణయించింది. కంటికి కనిపించకపోయినా కణజాలంలో వచ్చిన వికృతిని చూపగలిగినవారికి దీనితో ఇరవై శాతం మార్గం కొంత తెరుచుకుంది.

ఈ వెసులుబాటు ఎక్కువకాలం నిలవలేదు. మూత్ర, జననేంద్రియ వ్యవస్థల నిబంధనలను శాఖ సవరించింది. ఆ సవరణ 2021 నవంబరు 14న అమలులోకి వచ్చింది. వైకృతం ఉన్నా లేకపోయినా అంగస్తంభన లోపానికి సున్నా శాతమే అని కొత్త నిబంధన చెబుతుంది. దానికి జతచేసిన సూచన మాత్రం కీలకమైనది. సున్నా శాతం నిర్ణయించిన అధికారి ప్రత్యేక నెలవారీ పరిహారానికి అర్హతను తప్పక పరిశీలించాలి. స్త్రీల లైంగిక ఉద్రేక రుగ్మతకు 2018 మే నెలలో 7632 అనే కొత్త కోడ్ ఏర్పడినప్పుడు కూడా ఇదే పద్ధతి అనుసరించారు. ఈ విధంగా ఉభయులకూ ఒకే సూత్రం వర్తించింది.

పాత నిబంధన కింద ఇరవై శాతం పొందినవారి పరిస్థితి వేరు. నిబంధన మారినంత మాత్రాన ఉన్న శాతాన్ని తగ్గించడానికి వీలులేదని 1155వ సెక్షనే చెబుతుంది. రుగ్మత నిజంగా మెరుగుపడినట్లు తేలితేనే తగ్గింపు సాధ్యం. మార్పు తేదీ నాటికి పెండింగులో ఉన్న క్లెయిములను పాత, కొత్త నిబంధనలు రెండింటి కిందా పరిశీలించాల్సి ఉంటుంది.

దీనిని బట్టి నిర్ణయపత్రంలో ‘సున్నా శాతం’ అని కనిపిస్తే అది తిరస్కరణ కాదని స్పష్టమవుతుంది. సేవాసంబంధం గుర్తించి సున్నా శాతం ఇవ్వడం ఒకటి, సేవాసంబంధాన్నే నిరాకరించడం మరొకటి. మొదటిదానిలో ప్రత్యేక పరిహారానికి తలుపు తెరిచి ఉంటుంది. రెండవదానిలో తలుపే లేదు. ఈ తేడా తెలియక గెలిచిన నిర్ణయాన్ని ఓటమిగా భావించేవారు, ఓడిన నిర్ణయాన్ని పట్టించుకోకుండా గడువు దాటించేవారు ఉంటారు. మాజీ సైనికుడు పేరుపెట్టి అడగకపోయినా ఆధారాలు సూచిస్తున్నప్పుడు ప్రత్యేక పరిహారాన్ని శాఖ పరిశీలించాలని న్యాయస్థానం 1991లోనే చెప్పింది. సున్నా శాతం ఇచ్చి ప్రత్యేక పరిహారం ప్రస్తావనే లేకుండా వదిలేసిన నిర్ణయం అప్పీలుకు తగిన నిర్ణయం.

4. సేవాసంబంధం – ప్రత్యక్షం, ద్వితీయం:

పరిహారానికి మూడు అంశాలు నిరూపణ కావాలి. ప్రస్తుతం రుగ్మత ఉండాలి. సేవాకాలంలో గాయం, వ్యాధి లేదా ఘటన జరిగి ఉండాలి. ఈ రెండింటి మధ్య కార్యకారణ సంబంధం ఉండాలి. రుగ్మతను నేరుగా సేవాకాలంతో ముడిపెట్టడం ప్రత్యక్ష సేవాసంబంధం. ఇదివరకే గుర్తింపు పొందిన మరొక రుగ్మత ద్వారా ముడిపెట్టడం ద్వితీయ సేవాసంబంధం.

అంగస్తంభన లోపం క్లెయిములలో ద్వితీయ మార్గమే రాజమార్గం. వియత్నాం యుద్ధంలో పాల్గొన్నవారి ఉదాహరణ దీనిని స్పష్టం చేస్తుంది. ఆ యుద్ధంలో అడవులను మాడ్చడానికి చల్లిన ఏజెంట్ ఆరెంజ్ రసాయనంలో డయాక్సిన్ కలిసి ఉంది. 1991 నాటి ఏజెంట్ ఆరెంజ్ చట్టం తరువాత కొన్ని వ్యాధులను ఈ రసాయనం ఫలితంగానే వచ్చినట్లు భావించే జాబితా రూపొందింది. 1962 జనవరి 9 నుంచి 1975 మే 7 వరకు ఉన్న కాలంలో వియత్నాంలో పనిచేసిన వ్యక్తికి ఆ జాబితాలోని వ్యాధి వస్తే రసాయనమే కారణమని వేరుగా రుజువు చేయనవసరం లేదు. ప్రొస్టేట్ క్యాన్సర్ 1996లో, రెండవ రకం మధుమేహం 2001లో ఈ జాబితాలో చేరాయి. 2022లో వచ్చిన పాక్ట్ చట్టం అధిక రక్తపోటును కూడా చేర్చింది.

ఈ మూడు వ్యాధులూ అంగస్తంభన లోపానికి దారితీయగలవి. వియత్నాంలో పనిచేసిన ఒక వ్యక్తికి అరవై ఏళ్ల వయసులో మధుమేహం, మరికొన్నేళ్లకు అంగస్తంభన లోపం వచ్చాయని అనుకుందాం. మొదటి లంకెను, అంటే సేవకూ మధుమేహానికీ ఉన్న సంబంధాన్ని చట్టమే సమకూరుస్తుంది. మధుమేహానికీ లోపానికీ ఉన్న రెండవ లంకెను మాత్రమే అతడు నిరూపించాలి. అదే వ్యక్తి ‘సైన్యంలో ఉండగానే లోపం మొదలైంది’ అని ప్రత్యక్ష మార్గంలో వెళ్తే అర్ధశతాబ్దం నాటి వైద్యపత్రాలు వెతుక్కోవలసి వస్తుంది.

మధుమేహం కేసుల్లో మరొక సూక్ష్మం ఉంది. మధుమేహపు కోడ్ అయిన 7913 కింద సొంతంగా శాతం రాని ఉపద్రవాలను మధుమేహంలో భాగంగానే లెక్కిస్తారు. సున్నా శాతపు అంగస్తంభన లోపం ఈ విధంగా మధుమేహంలో కలిసిపోయి కనిపించవచ్చు. అయినా ప్రత్యేక నెలవారీ పరిహారం విడిగా రావలసిందే. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు చికిత్స నడుస్తున్నంతకాలం వంద శాతం ఉంటుంది. చికిత్స ముగిసిన ఆరు నెలలకు తప్పనిసరి పరీక్ష జరిపి, మిగిలిపోయిన బాధలను బట్టి కొత్త శాతం నిర్ణయిస్తారు. స్తంభన లోపం నమోదు కావలసిన సందర్భం అదే.

5. తిరస్కరణకు దారితీసే కారణాలు:

తిరస్కరణలో సాధారణంగా వినిపించే కారణం వయస్సు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో జరిగి 1994లో ప్రచురితమైన పురుషుల వార్ధక్య అధ్యయనం 40 నుంచి 70 ఏళ్ల వయసువారిలో 52 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ లోపం ఉన్నట్లు తెలిపింది. కనుక వయస్సు ఒక కారణం కావచ్చునన్న వాదం అర్థరహితం కాదు. పొగతాగడం, స్థూలకాయం కూడా కారణాలే. కానీ చట్టం ఏకైక కారణాన్ని అడగదు. సేవాసంబంధమైన రుగ్మత వల్ల లోపం వచ్చే అవకాశం, రాకపోయే అవకాశం సమానంగా ఉన్నా చాలు. అనుకూల, ప్రతికూల సాక్ష్యాలు దాదాపు సమతూకంలో ఉన్నప్పుడు సంశయలాభం క్లెయిము చేసినవారికే చెందాలని 5107వ సెక్షన్ ఆదేశిస్తుంది. క్రిమినల్ కేసులలో నిందితుడికి దక్కే సంశయలాభం వంటిదే ఇక్కడ మాజీ సైనికుడికి దక్కుతుంది.

రెండవ కారణం అసంపూర్ణమైన వైద్యాభిప్రాయం. ద్వితీయ సేవాసంబంధం రెండు విధాలుగా ఏర్పడుతుంది. మొదటి రుగ్మత రెండవదానికి కారణం కావచ్చు, లేదా అప్పటికే ఉన్న రెండవ రుగ్మతను తీవ్రం చేయవచ్చు. తీవ్రం చేయడం కూడా పరిహారయోగ్యమేనని న్యాయస్థానం 1995లో నిర్ణయించగా, 2006లో అది నిబంధనలలో చేరింది. పరీక్షించిన వైద్యుడు ‘మధుమేహం వల్ల లోపం రాలేదు’ అని రాసి ఊరుకుంటే సగం ప్రశ్నకే జవాబు చెప్పినట్లు. మధుమేహం బయటపడక ముందే లోపం మొదలైన సందర్భాలలో ఈ రెండవ సగమే ప్రాణాధారం.

మూడవ కారణం హేతువు లేని అభిప్రాయం. వైద్యాభిప్రాయపు విలువ ఫైలు చదివారా లేదా అన్నదానిలో కన్నా, నిర్ణయానికి చూపిన తర్కంలో ఉంటుందని న్యాయస్థానం 2008లో స్పష్టం చేసింది. ‘సంబంధం ఉంది’ అన్న ఒక్క వాక్యం అనుకూలంగా ఉన్నా నిలవదు. ‘సంబంధం లేదు’ అన్న ఒక్క వాక్యం ప్రతికూలంగా ఉన్నా నిలవకూడదు. ఏ మందు ఎప్పుడు మొదలైంది, లక్షణాలు ఎప్పుడు కనిపించాయి, ఇతర కారణాలను ఎందుకు పక్కన పెట్టారు అన్నవి రాసిన అభిప్రాయమే బలమైనది.

6. మౌనం – సాక్ష్యం:

వైద్యపత్రాలలో ఏళ్లతరబడి లోపం ప్రస్తావన లేకపోవడం ప్రతికూల నిర్ణయాలకు మరొక ఆధారం. ఇతర రుగ్మతల విషయంలో ఈ తర్కానికి కొంత బలముంది. నడుమునొప్పి ఉన్నవాడు వైద్యుడికి చెప్పకుండా ఇరవై ఏళ్లు ఉండడు. అంగస్తంభన లోపం విషయంలో మౌనం రుగ్మత లేదనడానికి గుర్తు కాదు. పౌరుషానికి పెద్దపీట వేసే సైనిక వాతావరణంలో ఈ మాట నోటివెంట రావడమే కష్టం. నోటిమాత్రగా తీసుకునే సిల్డెనాఫిల్‌కు అమెరికాలో అనుమతి లభించినది 1998 మార్చిలో. అంతకుముందు సులువైన చికిత్స లేనందున వైద్యుడికి చెప్పి ప్రయోజనమేమిటన్న నిరాశ కూడా ఉండేది.

న్యాయవ్యవస్థ ఈ మౌనాన్ని కొంతవరకు అర్థం చేసుకుంది. సమకాలీన వైద్యపత్రాలు లేవన్న ఒకే కారణంతో సామాన్యుడి సాక్ష్యాన్ని అవిశ్వసనీయమనడం తగదని ఫెడరల్ సర్క్యూట్ న్యాయస్థానం 2006లో తీర్పు చెప్పింది. రోగనిర్ణయం వైద్యుడే చేయాలి. కానీ తన శరీరంలో ఏ మార్పు ఎప్పుడు వచ్చిందో చెప్పడానికి వైద్యవిద్య అక్కరలేదు. భార్య రాసిచ్చే వాంగ్మూలానికి కూడా విలువ ఉంది. దాంపత్యంలో మార్పు ఏ సంవత్సరంలో, ఏ మందు మొదలైన తరువాత వచ్చిందో ఆమెకు తెలుసు. తేదీలతో, నిరాడంబరంగా, వర్ణనలు లేకుండా రాసిన ఒక పేజీ వాంగ్మూలం వైద్యుడి తర్కానికి పునాది కాగలదు.

7. అప్పీలు మార్గాలు:

మాజీ సైనికులకు న్యాయస్థానపు గడప తొక్కే హక్కు ఇటీవలిదే. అంతర్యుద్ధ కాలంలో 1864లో న్యాయవాది రుసుముకు పది డాలర్ల పరిమితి విధించారు. ఆ పరిమితి 1988 దాకా కొనసాగింది. శాఖ నిర్ణయాలను సమీక్షించే ప్రత్యేక న్యాయస్థానం కూడా 1988 నాటి చట్టంతోనే ఏర్పడింది.

2017లో చేసిన అప్పీళ్ల ఆధునికీకరణ చట్టం 2019 ఫిబ్రవరి 19న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నిర్ణయం వెలువడిన ఏడాదిలోగా మూడు మార్గాలలో ఒకటి ఎంచుకోవాలి.

అ) అనుబంధ క్లెయిము: కొత్తదీ, సంబంధితమైనదీ అయిన సాక్ష్యం ఉన్నప్పుడు ఇది తగినది. మొదటిసారి వైద్యాభిప్రాయం గానీ, భార్య వాంగ్మూలం గానీ సమర్పించనివారికి ఇదే అనువైన దారి.

ఆ) ఉన్నతస్థాయి సమీక్ష: ఇందులో కొత్త సాక్ష్యం స్వీకరించరు. ఉన్న ఫైలునే మరొక సీనియర్ అధికారి చూస్తారు. సున్నా శాతం ఇచ్చి ప్రత్యేక పరిహారాన్ని మరచిపోవడం వంటి పొరపాట్లను సరిచేయడానికి ఇది సరిపోతుంది.

ఇ) బోర్డుకు అప్పీలు: మాజీ సైనికుల అప్పీళ్ల బోర్డు న్యాయాధికారి కేసును కొత్తగా పరిశీలిస్తారు. నేరుగా సమీక్ష, తొంభై రోజులలో అదనపు సాక్ష్యం, మౌఖిక విచారణ అనే మూడు వరుసలలో ఒకటి ఎంచుకోవచ్చు.

బోర్డు తిరస్కరిస్తే 120 రోజులలోగా న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చు. ప్రతి నిర్ణయం తరువాతా గడువు దాటకుండా తదుపరి అడుగు వేస్తూ పోతే మొదటి క్లెయిము తేదీ నిలుస్తుంది. చివరకు గెలిచినప్పుడు బకాయిలు ఆ తేదీ నుంచి లెక్కకు వస్తాయి. గడువు దాటితే మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు గానీ పాత తేదీ సాధారణంగా పోతుంది. ఈ నెలవారీ పరిహారం చిన్న మొత్తంగా కనిపించినా అయిదేళ్లు నడిచిన కేసులో తేదీ విలువ వేల డాలర్లు. శాఖ గుర్తింపు పొందిన మాజీ సైనిక సంఘాల ప్రతినిధులు ఈ పనిలో ఉచితంగా సాయపడతారు.

8. ముగింపు:

అంగస్తంభన లోపానికి సున్నా శాతం నిర్ణయించిన వ్యవస్థ, అదే నష్టానికి ప్రత్యేక పరిహారం కూడా ఇస్తోంది. ఇందులో వైరుధ్యం లేదు. ఆర్జనశక్తితో కొలవలేని నష్టాలు ఉన్నాయని చట్టం ఒప్పుకోవడమే ఇందులోని అంతరార్థం. ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా చెప్పవచ్చు.

1. సున్నా శాతం గుర్తింపే గానీ తిరస్కరణ కాదు. దానితోపాటు ప్రత్యేక నెలవారీ పరిహారం మంజూరైందా లేదా అన్నది మొదట చూడవలసిన విషయం.

2. అప్పీలులో తేలవలసింది లోపం ఉందా లేదా అన్నది కాదు. గుర్తింపు పొందిన ఏ రుగ్మత, ఏ మందు, ఏ శస్త్రచికిత్స దానికి దారితీసింది లేదా తీవ్రం చేసింది అన్నదే అసలు వివాదాంశం.

3. మౌనాన్ని ప్రతికూల సాక్ష్యంగా లెక్కించడం ఈ రుగ్మత విషయంలో న్యాయం కాదు. అయితే ఆ మౌనాన్ని వీడవలసిన బాధ్యత బాధితుడిపైనా ఉంది. వైద్యుడితో చెప్పిన ఒక్క మాట ఫైలులో ఒక తేదీ అవుతుంది. ఆ తేదీ తరువాతి నిర్ణయాలన్నింటికీ ఆధారమవుతుంది.

దేశం కోసం పనిచేసిన మనిషి శరీరానికి కలిగిన నష్టాలలో చెప్పుకోదగినవి, చెప్పుకోకూడనివి అన్న విభజన సమాజం చేసినదే. చట్టం ఆ విభజనను అంగీకరించలేదు. చేతికి, కంటికి, ప్రజననాంగానికి ఒకే ఉపవిభాగంలో చోటు కల్పించింది. ఆ చోటు ఉన్నదని తెలియజేయడం, దానిని అందుకునే దారి చూపడం మాజీ సైనికుల సంక్షేమంలో అవసరమైన భాగం.